స్లాబ్ వేసే ముందు పిల్లర్–బీమ్ జంక్షన్‌లోకి తొంగి చూశారా?

భూకంప జోన్లు చెప్పే ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం చెన్నై మూడో భూకంప జోన్‌లో ఉంది. ఇక్కడ ఆర్‌సీసీ ఇంటికి ఐఎస్ 13920, అంటే భూకంపాన్ని తట్టుకునేలా ఇనుము కట్టే నియమాలు, తప్పనిసరి. డ్రాయింగ్‌లో అన్నీ ఉంటాయి, తేడా వచ్చేది సైట్‌లోనే.

జంక్షన్‌లో రింగులు లేవు

సెంట్రింగ్ మీద నిలబడి పిల్లర్ కడ్డీల మధ్యలోకి టార్చి వేయండి. బీమ్ అడుగుదాకా రింగులు (నిలువు కడ్డీల చుట్టూ తొడిగే అడ్డ కడ్డీలు) ఉండి, బీమ్ లోతు మేర ఒక్కటీ కనిపించకపోతే కాంక్రీట్ ఆపేయండి. ఐదు నిమిషాల పని ఇది. స్లాబ్ మందం కొలుస్తారు, కవర్ బ్లాకులు లెక్కపెడతారు, ఇక్కడికి మాత్రం ఎవరూ తొంగి చూడరు!

కారణం పని వరుసలో ఉంది. బీమ్ పంజరం (కడ్డీలన్నీ కలిపి కట్టిన చట్రం) పైన కట్టి సెంట్రింగ్‌లోకి దించాక, అడ్డంగా వచ్చిన కడ్డీల వల్ల రింగు దూర్చే సందు ఉండదు. "ఇంత ఇనుముంది కదా సార్, చాల్లెండి" అంటాడు మేస్త్రీ. చాలదు. భూమి ఊగినప్పుడు బీమ్ పై కడ్డీలు ఒకవైపు, కింది కడ్డీలు ఇంకోవైపు లాగుతాయి. జంక్షన్ ఐమూలగా చీలుతుంది. అక్కడి కాంక్రీట్‌ను బిగించి పట్టేవి ఆ రింగులే. అవి లేకపోతే పెచ్చులూడి నిలువు కడ్డీలు బయటికి వంగిపోతాయి, ఆ పైన అంతస్తు బరువు మోసేది ఏదీ మిగలదు.

పంజరం ఇంకా పైనే ఉండగా, బీమ్ పై కడ్డీలు దూర్చకముందే, పిల్లర్ రింగులు తొడిగి దొంతరగా ఉంచండి. తర్వాత పై కడ్డీలు దూర్చి పంజరం దించండి. దించాక రింగులను ఒక్కొక్కటే పైకి జరిపి బైండింగ్ వైరుతో కట్టించండి. 16 మి.మీ. కడ్డీలున్న 300 మి.మీ. పిల్లర్‌కి రింగుకీ రింగుకీ మధ్య దూరం 75 మి.మీ. మించకూడదు. అంటే 450 మి.మీ. బీమ్ లోతులో ఐదారు రింగులు పడాలి. పిల్లర్ ఎంత పెద్దదైనా 100 దాటకండి. నాలుగు వైపులా బీమ్‌లు వచ్చి, ఒక్కోదాని వెడల్పు పిల్లర్‌లో ముప్పాతికైనా ఉంటేనే ఎక్కువ దూరానికి అనుమతి, అదీ 150 లోపే. ఇరుకు కాబట్టి కాంక్రీట్‌ను కుదిపి దట్టం చేయడానికి సన్న నీడిల్ వైబ్రేటర్ వాడండి.

కాంక్రీట్ పోసేశాక తెలిస్తే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీట్ తొడుగు వేయడం) గురించి అడగాల్సిందే. ఖర్చు చాలా ఎక్కువ.

రింగు కొస 90 డిగ్రీలకే వంగింది

పెచ్చు ఊడగానే అలాంటి రింగు విచ్చుకుంటుంది. 135 డిగ్రీలు వంచి, కొస పిల్లర్ లోపలికి పోవాలి. 8 మి.మీ. రింగుకి తోక, అంటే వంపు తర్వాత తిన్నగా ఉండే కొస, 65 మి.మీ. ఉండాలి. పొట్టి తోకవి తిప్పి పంపి కొత్తవి చేయించండి.

కింద అంతా పార్కింగ్, పైన అంతా గోడలు

2001 జనవరి 26న భుజ్ భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి ఫ్లాట్లు కూలాయి. ఊగిసలాటంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. స్టిల్ట్‌లో (కింది పార్కింగ్ అంతస్తులో) రెండు దిశల్లోనూ ఆర్‌సీసీ గోడలు డిజైన్‌లోనే అడగండి. తర్వాత పిల్లర్ల మధ్య సగం ఎత్తు ఇటుక గోడ బిగించి కట్టకండి. పిల్లర్ వంగే ఎత్తు సగమైతే దాని బిగువు (వంగకుండా ఎదురు నిలిచే గుణం) ఎనిమిది రెట్లవుతుంది, దెబ్బంతా దానికే తగులుతుంది. కట్టాల్సి వస్తే గోడకీ పిల్లర్‌కీ మధ్య సందు వదలండి.

తీరం దగ్గర, భూమి ఊగితే పట్టు కోల్పోయే తడి వదులు ఇసుక సంగతి మట్టి రిపోర్టులోనే తేలిపోతుంది. గోడ–బీమ్ మధ్య ప్లాస్టర్‌లో వెంట్రుకంత పగుళ్లకు సాధారణంగా భూకంపంతో పని లేదు.