పాప లేచినా రంగు ఎండకుండా

నల్లగొండ ఎండల్లో, ఫ్యాను కింద, బొమ్మలు వేసే అక్రిలిక్ రంగు (నీళ్లతో కలిపేది) నిమిషాల్లో పొర కడుతుంది. పాపకు పాలు పట్టి వచ్చేసరికి ప్లేటులో మిగిలేది పెంకే. అది మళ్లీ నీళ్లలో కరగదు.

నాకు పనికొచ్చింది తడి డబ్బా. మూత గట్టిగా పట్టే వెడల్పు డబ్బా ఏదైనా సరే, మిఠాయిదైనా. అడుగున గిన్నెలు తుడిచే స్పాంజి గుడ్డ తడిపి పరిచి, పైన బేకింగ్ కాగితం (కేకు కింద వేసేది) వేయాలి. రంగు ఆ కాగితం మీద పెట్టుకుని, లేచేటప్పుడు మూత వేయాలి. మైనం కాగితం వద్దు, తడిని పైకి రానివ్వదు. డబ్బా వంచితే నీళ్లు పారాయా, ఎక్కువైనట్టే. రంగు పలచనై కారుతుంది. గుడ్డను మూణ్నాలుగు రోజులకోసారి ఉతకకపోతే బూజు వాసన ఖాయం.

కుంచెను గ్లాసులో నిలబెట్టి పరుగెత్తొద్దు, కొన వంగుతుంది. తడి గుడ్డలో చుట్టి పడుకోబెట్టండి. కాడ్మియం విషపు లోహం, అందుకే కాడ్మియం ఎరుపు, పసుపు ట్యూబులు మాత్రం పాపకు అందకుండా సజ్జ మీదే. నూనె రంగులు పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు, అసలు పాప ఉన్న గదిలోకే వద్దు.