తేలినీలాపురం వెళ్లే ముందు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర, పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురానికి ఎండ రోజుల్లో వెళ్తుంటే తెల్లారేసరికే అక్కడుండాలి. పదయ్యాక ఎండకు మీరూ ఆగలేరు, పక్షులూ కదలవు. మంచినీళ్లు, మజ్జిగ, టోపీ మర్చిపోవద్దు. చింతచెట్ల కింద నిలబడితే రెట్టలు పడేది నెత్తిమీదే!

పెలికాన్ల (గూడబాతుల) గూళ్ల దగ్గరికి మాత్రం అస్సలు పోవద్దు. బెదిరి తల్లి ఎగిరిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులూ కాచుకునుంటాయి. చప్పట్లు కొట్టి, పక్షుల్ని ఎగరగొట్టి తీసే ఫొటోలు మనకెందుకు?

చెరువుగట్టున తూనీగల కోసమైతే బూట్లు తప్పనిసరి, గడ్డిలో పాములుంటాయి. మీ నీడ తూనీగ మీద పడకుండా పక్కనుంచి మెల్లగా వెళ్లండి. మిట్టమధ్యాహ్నం కొన్ని తోక నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి కూర్చుంటాయి, ఒంటికి ఎండ తక్కువ తగలాలని. మీతో పిల్లలుంటే తూనీగ తోకకు దారం కట్టొద్దని ముందే చెప్పండి.