కుక్కపిల్ల గూడు తలుపు ఎప్పుడు తీయాలి

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కుక్కపిల్ల పేరు బెల్లం. ఒంటి రంగు చూసి మా అత్తయ్య పెట్టిన పేరు. కార్తీకమాసంలో ఒక వానరాత్రి మా వీధి చివర ఆగి ఉన్న ఆటో కింద దొరికింది. పశువైద్యుడు పళ్ళు చూసి ఏడు వారాలు ఉంటాయన్నారు. విశాఖలో మా మూడో అంతస్తు ఫ్లాటుకు ఎనిమిదేళ్ళుగా ఇలా పిల్లలు వస్తూనే ఉన్నాయి. టీకాలు వేయించి, అలవాట్లు నేర్పి, నమ్మకమైన ఇళ్ళకు పంపిస్తాను. ఆ వరుసలో బెల్లం పన్నెండోది. పంపిన వాటిలో రెండింటిని వెనక్కి తెచ్చి ఇచ్చారు. రెండుసార్లూ ఒకటే మాట: "ఇల్లంతా పాడు చేస్తోందండీ, మా వల్ల కాదు." నాకు తెచ్చి ఇచ్చారు కాబట్టి సరిపోయింది. రాత్రికి రాత్రి వీధిలో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. అలా వదిలేయడానికి పిల్ల తప్పు కారణం కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పిల్లకు శుభ్రం నేర్పడానికి నేను వాడేది ఒక తీగల పెట్టె. దాన్ని చూడగానే మనవాళ్ళకు గుర్తుకొచ్చేది బోను. మా అత్తయ్య కూడా మొదటిసారి చూసి, "పసిదాన్ని ఎలుకలా బోనులో పెడతావా అమ్మాయ్?" అని బాధపడ్డారు. అందుకే మా ఇంట్లో దాన్ని క్రేట్ అనీ బోను అనీ అనం, గూడు అంటాం. ఈ పేరు అందానికి పెట్టింది కాదు. తల్లికుక్క ఈనడానికి మూల వెతుక్కుంటుంది, పిల్లల్ని అక్కడే దాచుకుంటుంది. మొదటి మూడు వారాలు తల్లి నాకితే తప్ప పిల్లలకు మలమూత్రాలు రావు, వచ్చినవాటిని తల్లే శుభ్రం చేసేస్తుంది. కాళ్ళు నిలబడగానే పిల్లలు పడుకునే చోటు వదిలి నాలుగు అడుగులు అవతలికి వెళ్ళి పోసుకుంటాయి. ఆ శుభ్రం వాటికి పుట్టుకతో వచ్చింది. దాన్ని చెడగొట్టకుండా చూసుకోవడమే మన పని.

చెడగొట్టడం చాలా తేలిక. అమ్మకానికి పెట్టిన పిల్లలను ఇరుకు పంజరాల్లో, తమ మలం మీదే పడుకోబెడితే మెల్లగా మలమంటే వాటికుండే రోత పోతుంది. అలాంటి పిల్లకు నేర్పడం రెండింతల కష్టం. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. కొనదలచినవారు పిల్ల వయసుతో పాటు దాన్ని ఉంచిన చోటును కూడా చూడాలి, వాసన పీల్చాలి.

గూడు కొలత దగ్గర నేను మొదట్లో పెద్ద పొరపాటే చేశాను. పెరిగే పిల్ల కదా అని 42 అంగుళాల పొడవున్నది కొన్నాను. పిల్ల ఒక మూల పోసి, రెండో మూల హాయిగా పడుకునేది. గూడులో పిల్ల నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. అంతకు మించి చోటు ఉండకూడదు. మన నాటు కుక్కలకు పెద్దయ్యాక 36 అంగుళాలది చాలు. మధ్యలో అడ్డుతీగ ఉన్నది తీసుకుని, పిల్ల ఎదిగేకొద్దీ అడ్డు వెనక్కి జరుపుతూ పోవచ్చు. అడ్డు లేకపోతే గట్టి అట్టపెట్టెతో వెనక భాగం మూసేసినా పని జరుగుతుంది, కొరుకుతుంటే మారుస్తూ ఉండాలి.

పరుపు కొనకండి. పాత నేతచీరను నాలుగు మడతలు వేస్తే చాలు, రోజూ ఉతకవచ్చు. చీర మీదే పోయడం మొదలుపెడితే నాలుగు రోజులు చీర తీసేసి ఉత్త ట్రే మీదే పడుకోనివ్వండి. మెత్తటి బట్ట తడిని పీల్చేస్తే పిల్లకు తాను తడిలో ఉన్నట్టే తెలియదు. గూడులో వార్తాపత్రికలు పరవడం నాకు ఇష్టం లేదు. బాల్కనీలో కాగితం మీద పోయమని, గూడులో అదే కాగితం మీద పడుకోమని చెబితే పిల్లకు ఏమని అర్థమవుతుంది? గూడులోకి వెళ్ళే ముందు మెడపట్టీ తీసేయండి, తీగకు చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కడ పెట్టాలి? పగలు మనుషులు తిరిగే హాల్లో, ఫ్యాను గాలి తగిలేలా. మా విశాఖ ఉక్కపోతలో గుడ్డ కప్పితే మూడు వైపులే కప్పాలి, అది కూడా చలికాలంలోనే. ఎండ పడే బాల్కనీలో ఒక్క నిమిషం కూడా వద్దు. రాత్రి మాత్రం మీ మంచం పక్కనే. తోబుట్టువుల వెచ్చదనం మధ్య పడుకున్న పిల్ల అది, చీకట్లో వంటరిగా పెడితే ఏడవదా? చెయ్యి కిందికి చాపితే తీగల్లోంచి మీ వేళ్ళ వాసన తగలాలి. నా అనుభవంలో సగం ఏడుపు అక్కడే తగ్గుతుంది.

మొదటి రెండు రోజులు తలుపు మూయవద్దు. తాడుతో వెనక్కి కట్టేయండి, గాలికి టంగుమని మోగితే పిల్ల మళ్ళీ దగ్గరికి రాదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి లోపల వెనకవైపు వేయండి. తిండిగిన్నె కూడా లోపలే. మూడో రోజు తింటున్నప్పుడు తలుపు దగ్గరకు వేసి, గిన్నె ఖాళీ కాకముందే తీయండి. తర్వాత ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఒక కునుకు. బెల్లం నాలుగో రోజు మధ్యాహ్నం తనంతట తానే వెళ్ళి పడుకుంది. రెండేళ్ళ క్రితం వచ్చిన ఒక నల్లపిల్లకు మాత్రం పదహారు రోజులు పట్టింది. తొందరపెడితే అన్ని రోజుల పనీ వృథా అవుతుంది. పిల్ల చెప్పు కొరికిందని గూడులోకి తోసేవాళ్ళను చూశాను. ఒక్కసారి అలా శిక్షకు వాడితే అది నిజంగానే బోను అవుతుంది.

ఇక అసలు సంగతి, తలుపు తీసే వేళ. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. మెలకువగా ఉండి ఆడుకుంటున్నప్పుడు గంట కూడా కష్టమే. నిద్ర లేచిన క్షణాన, తిన్న ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపు, ఆడి ఆగినప్పుడు, నీళ్ళు తాగిన కాసేపటికి, ఈ నాలుగు వేళలూ తప్పకూడదు. నేను గోడకు కాగితం అంటించి తిండి, నీళ్ళు, మూత్రం, మలం, అన్నీ గంటా నిమిషాలతో రాస్తాను. మూడు రోజులు రాస్తే పిల్ల శరీరపు గడియారం కళ్ళకు కడుతుంది. బెల్లానికి తిన్న పన్నెండో నిమిషంలో మలం వస్తుంది. అది తెలిశాక దానికి ఇంట్లో తప్పు చేసే అవకాశమే లేకుండా పోయింది.

గూడులోంచి బాల్కనీ దాకా నడిపించకండి, ఎత్తుకుని వెళ్ళండి. నడిస్తే దారిలోనే కూర్చుంటుంది. మా బాల్కనీలో ఇసుక నింపిన వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే ఉంది. మొదటి రోజు దాని మూత్రం తుడిచిన కాగితం ముక్కను ఆ ఇసుకలో పెట్టాను, చోటు గుర్తుపట్టడానికి. ట్రేలో దించి మాట్లాడకుండా నిలబడాలి. పోస్తున్నప్పుడు మెల్లగా ఒకే మాట, మా ఇంట్లో "కానివ్వు", అంతే. పూర్తయిన మరుక్షణం, అక్కడే, ముక్క నోటికి అందించాలి. లోపలికి వచ్చాక ఇస్తే పిల్లకు నడిచి వచ్చినందుకు ఇచ్చినట్టు అర్థమవుతుంది. ఐదు నిమిషాలు చూసినా పోయకపోతే మళ్ళీ గూడులో ఉంచి, పది నిమిషాలకు మళ్ళీ తీసుకెళ్ళాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పోయలేదు కదా అని ఇంట్లో వదిలేస్తారు, అది తివాచీ మీద పోస్తుంది.

రాత్రి అలారాలు పెట్టుకోక తప్పదు. మొదటి వారం పదకొండుకు, రెండుకు, ఐదుకు లేచాను. దీపం వేయకుండా, ఆడించకుండా ఎత్తుకెళ్ళి తీసుకొచ్చి పడుకోబెట్టడమే. వేళ కాని వేళలో ఏడిస్తే, పోసి గంట కూడా కాలేదని కాగితం చెబుతుంటే, వేళ్ళు అందించి ఊరుకోనివ్వండి. అనుమానంగా ఉంటే మాత్రం తీసుకెళ్ళండి. గూడులో పోసుకునే స్థితికి పిల్లను తెచ్చామంటే మనమే దాని శుభ్రాన్ని చెడగొట్టినట్టు. నీళ్ళు పగలంతా అందుబాటులో ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత గిన్నె తీస్తాను కానీ, ఉక్కగా ఉండి వెతుక్కుంటే ఇస్తాను.

ఒక ముఖ్యమైన మాట. పాలన్నం పెట్టకండి. మన ఇళ్ళలో కుక్కపిల్ల అనగానే గేదెపాలు పోస్తారు. తల్లిపాలు మానిన పిల్లల్లో చాలావాటికి ఆ పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలు అవుతున్న పిల్లను ఏ పద్ధతీ ఆపలేదు. మెత్తటి అన్నంలో కోడిమాంసం, కుక్కపిల్లలకు ప్రత్యేకంగా చేసిన ఆహారం, కొంచెం పెరుగు, రోజుకు నాలుగుసార్లు, ప్రతిరోజూ అవే వేళలకు. నులిపురుగుల మందు వైద్యుడు చెప్పినట్టు రెండు వారాలకొకసారి, మూడు నెలలు నిండే దాకా.

ఇంట్లో పోస్తే కొట్టకండి, ముక్కును దానికి రాయకండి. నేర్చుకునేది ఒక్కటే, మీకు కనబడకుండా సోఫా వెనక పోయడం. కళ్ళముందే పోస్తుంటే చడీచప్పుడు లేకుండా ఎత్తుకుని ట్రేలో దించండి. నేలను పాత కాగితాలతో అద్ది తడి పీల్చాలి, సబ్బునీళ్ళతో కడగాలి, తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తుడవాలి. మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రవాలు దొరికితే ఇంకా మంచిది. మనకు చేతికి అందేది ఫినాయిలు. దాని ఘాటు మన ముక్కును కప్పుతుంది, కుక్క ముక్కుకు కింద ఉన్న వాసన తెలుస్తూనే ఉంటుంది. పైగా ఆ నేల మీద నడిచి పాదాలు నాకితే పిల్లకు హాని. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ ద్రావణం పోయడమూ ప్రమాదమే, విషవాయువు పుడుతుంది.

బ్లీచింగ్‌కు వేరే పని ఉంది. నా రెండో పిల్లను టీకాలు పూర్తికాకముందే కింద గడ్డిలోకి తీసుకెళ్ళాను, బయట పోయడం త్వరగా నేర్పాలని. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చి నాలుగు రోజుల్లో చనిపోయింది. 1978లో తొలిసారి గుర్తించిన ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు చావదు. కడిగిన నేల మీద ఒక వంతు క్లోరిన్ బ్లీచ్, ముప్పై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచి, మళ్ళీ శుభ్రంగా కడగాలి, కిటికీలు తెరిచి, పిల్లలను దూరంగా ఉంచి. టీకాలు ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటిగా 16 వారాల దాకా సాగుతాయి. అంతవరకు నేల మీద దించి వీధి చూపించవద్దు, చంకన ఎత్తుకుని చూపించండి. ఆ పిల్ల తర్వాతే బాల్కనీలో ఇసుక ట్రే వచ్చింది. అందుకే ఇసుకను కూడా కడిగి ఎండబెట్టి వాడుతున్నాను, మలాన్ని వెంటనే తీసేస్తాను, వారానికొకసారి ఇసుక మొత్తం మారుస్తాను.

ఒంటి శుభ్రానికి రోజూ స్నానం అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డతో పొట్ట, తోక కింద, పాదాలు తుడిస్తే తల్లి నాలుకలాగే ఉంటుంది, పిల్ల కళ్ళు మూసుకుంటుంది. నెలకొకసారి స్నానం చాలు, కుక్కల షాంపూతోనే, చెవుల్లో నీళ్ళు పడకుండా, తడి పూర్తిగా ఆరేలా తుడవాలి. మన సబ్బులు, క్రిమిసంహారక ద్రవాలు దాని చర్మానికి పడవు. పిడుదులను చిన్న పటకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగి సబ్బునీళ్ళలో వేయండి, వేళ్ళతో నలపకండి. మందు మాత్రం పిల్ల బరువు చూసి వైద్యుడు ఇచ్చినదే.

మా అత్తయ్యకు మడి ఉంది. పూజగదికీ వంటింటికీ చెక్క అడ్డాలు పెట్టాం, పిల్ల అవి దాటదు. గూడు ఉండటం వల్లనే అది సాధ్యమైంది, మా ఇంట్లో ఏ రోజూ గొడవ రాలేదు. కార్తీకమాసం అంతా తెల్లవారుజామున స్నానానికి లేచే ఆవిడే, స్నానానికి వెళ్ళే ముందు బెల్లాన్ని ఇసుకలో దించి "కానివ్వు తల్లీ" అనేవారు. ఐదు గంటల అలారం నేను మానేశాను.

వచ్చే ఆదివారం బెల్లం మధురవాడలో ఒక కుటుంబానికి వెళ్తోంది. గూడు, గోడమీది కాగితం కూడా వెళ్తాయి. మీరు కూడా పిల్లను ఎవరికైనా ఇస్తుంటే ఈ రెండూ ఇవ్వండి. గూడులో పరిచిన ఆఖరి చీరముక్కను మాత్రం ఉతకకుండా పంపించండి.