ఏడీఎస్1115 సరిగా చదవట్లేదా? కోడ్ కన్నా ముందు ఇవి చూడండి

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ సొంత ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) మీద నమ్మకం చాలక, అదే పని చేసే 16 బిట్ల ఏడీఎస్1115 చిప్ మాడ్యూల్ తగిలిస్తాం. అది మొరాయిస్తే ముందు మల్టీమీటర్ తీయండి. చాలా తప్పులు కోడ్‌లో కాదు, సరఫరాలోనూ వైరింగ్‌లోనూ ఉంటాయి.

ఐ2సీ స్కానర్‌కు (తగిలించిన చిప్‌లను వెతికే ప్రోగ్రాంకు) అసలు కనబడట్లేదు
హెడర్ పిన్నులకు టంకం వేయకుండా రంధ్రాల్లో గుచ్చి వదిలేశారేమో చూడండి. వేలితో నొక్కినప్పుడు కనబడి, వదలగానే మాయమైతే కారణం అదే. ఎస్‌డీఏ (డేటా తీగ) ఈఎస్‌పీ32 పిన్ను 21కి, ఎస్‌సీఎల్ (క్లాక్ తీగ) 22కి, గ్రౌండ్ రెండింటికీ ఉమ్మడిగా ఉండాలి. అడ్రస్ పిన్నును గ్రౌండ్‌కి కలిపితే చిప్ అడ్రస్ హెక్స్ 48, వీడీడీకి (సరఫరా పిన్నుకి) కలిపితే 49.

కాసేపు పనిచేసి ఆగిపోతోంది
మాడ్యూల్‌కి 5 వోల్టులు ఇచ్చి ఉంటారు. బోర్డు మీద ఆ రెండు తీగలనూ 'హై'లో నిలిపే పుల్‌అప్ రెసిస్టర్లు వీడీడీకే కట్టి ఉంటాయి కాబట్టి ఆ 5 వోల్టులు ఈఎస్‌పీ32 పిన్నుల మీదకు వస్తాయి. పుల్‌అప్‌లను 3.3కి మార్చినా చాలదు, 5 వోల్టుల మీద నడిచే చిప్‌కి 'హై' అంటే కనీసం 3.5 వోల్టులు. అప్పుడు తీగ మీద ఉండేది 3.3. సరఫరా కూడా 3.3 నుంచే ఇస్తే రెండు చిక్కులూ తీరతాయి.

రీడింగ్ 26400 దాటట్లేదు
చిప్ బాగానే ఉంది. ±4.096 రేంజిలో ఒక్కో కౌంటు (చిప్ ఇచ్చే అంకెలో ఒక మెట్టు) 125 మైక్రోవోల్టులు, 3.3 వోల్టులకు సరిగ్గా 26400 కౌంట్లు. రేంజి ±6.144 పెట్టినా ఇన్‌పుట్ మాత్రం సరఫరా వోల్టేజీని దాటకూడదు. ఇది పట్టించుకోకుండా 5 వోల్టుల సెన్సర్‌ను నేరుగా కలిపితే చిప్ పోవచ్చు. డివైడర్ (వోల్టేజీని తగ్గించే రెండు రెసిస్టర్లు) పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీకైతే పైన 100, కింద 22 కిలోఓమ్‌లు చాలు. ఛార్జింగ్‌లో 14.4కి చేరినా చిప్‌కి అందేది 2.6 వోల్టులే. కరెంటు ఆదా అవుతుందని 1 మెగాఓమ్, 220 కిలోఓమ్‌లు వాడితే చిప్ ఇన్‌పుట్ కూడా కొంత కరెంటు లాగి, రీడింగ్ 3, 4 శాతం తగ్గుతుంది. అంత పెద్ద విలువలే కావాలంటే మధ్యలో ఆప్‌ఆంప్ బఫర్ ఉండాలి.

సున్నా వోల్టుల దగ్గర 65535
అది −1. సున్నా దగ్గర ఒకటి రెండు కౌంట్లు కిందికి పోవడం మామూలే. 16 బిట్ల సైన్డ్ (రుణ సంఖ్యలు కూడా పట్టే) వేరియబుల్‌లోకి తీసుకోండి.

అంకెలు ఎగురుతున్నాయి
ఖాళీ ఛానెల్ ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది, దాన్ని గ్రౌండ్ చేయండి. సెన్సర్ ఉన్న ఛానెల్ ఎగిరితే ఇన్‌పుట్‌కి వరుసలో 1 కిలోఓమ్, చిప్ ఇన్‌పుట్ పిన్ను నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గోల అయితే దానికి ఇది చాలదు. వేగం సెకనుకు 860 కొలతలకు పెంచి, 100 మిల్లీసెకన్ల పాటు చదివి సగటు తీయండి. అందులో ఐదు పూర్తి చక్రాలు ఇమిడిపోతాయి.

ఛానెల్ మార్చినా పాత విలువే
మామూలు వేగం సెకనుకు 128 కొలతలు, అంటే ఒక కొలతకు దాదాపు 8 మిల్లీసెకన్లు. చిప్ గడియారంలో 10 శాతం తేడా ఉండొచ్చు కాబట్టి ఛానెల్ మార్చాక 10 మిల్లీసెకన్లు ఆగి చదవండి.

ప్రతి రీడింగూ 16 గుణిజంగానే వస్తోంది
బోర్డు మీద ఉన్నది 12 బిట్ల ఏడీఎస్1015. కోడ్‌తో బాగయ్యేది కాదు, వెనక్కి ఇచ్చేయండి.