జీడితొక్క నూనెతో కొత్త పని చేశారా? అవార్డుకు దరఖాస్తు ఇలా రాయండి

హనుమకొండలో చిన్న పరిశ్రమలకు ల్యాబ్ రిపోర్టులు చదివిపెట్టడం, దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. కాకతీయ యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివాను. హైదరాబాద్‌లో ఒక రెజిన్ల (జిగురులా ఉండి గట్టిపడే రసాయనాలు) కంపెనీ ల్యాబ్‌లో చాలాకాలం చేసి ఇంటికి తిరిగొచ్చాను. జీడిపిక్క తొక్క నుంచి తీసే నూనె, మా భాషలో సీఎన్‌ఎస్‌ఎల్, నాకు ఆ ల్యాబ్‌లోనే చేతికి పట్టిన సరుకు. మన వైపు దీంతో బ్రేక్ లైనింగుల పొడి, ఫౌండ్రీల్లో ఇసుక అచ్చుల్ని పట్టి ఉంచే బైండర్లు, పెయింటు రెజిన్లు చేసేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో నిజంగా బుర్రపెట్టి పద్ధతి మార్చినవాళ్లున్నారు. అయినా వాళ్ల అవార్డు దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోతోంది. పని తక్కువై కాదు, ఏం మార్చారో కాగితం మీద కనపడక. అందుకే ఇది రాస్తున్నా.

మొదటి వాక్యం దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి. "మేం జీడి నూనె నుంచి పర్యావరణహితమైన రెజిన్ కనిపెట్టాం" అని రాస్తే చదివేవాళ్లు పేజీ తిప్పేస్తారు. అమెరికాలో మోర్టిమర్ హార్వీ ఈ నూనె మీద 1920ల నుంచే పేటెంట్లు తీసుకున్నాడు. మన దేశంలో తిరువనంతపురం సీఎస్‌ఐఆర్ ల్యాబ్‌లో సీకేఎస్ పిళ్లై గారి బృందం దీని పాలిమర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. న్యాయనిర్ణేతల్లో ఒక్కరికైనా ఈ సంగతి తెలిసే ఉంటుంది. కాబట్టి సరుకు గురించి కాదు, మీరు మార్చిన ఒక్క మెట్టు గురించి రాయండి. ఏ మెట్టు, ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఎంత తేడా. ఈ నాలుగూ మొదటి రెండు వాక్యాల్లో రావాలి.

ఆ మెట్టు ఏదో యజమానిని అడిగితే చాలాసార్లు దొరకదు, కెటిల్ (నూనెను వేడిచేసే పెద్ద పాత్ర) దగ్గర నిలబడే మనిషిని అడగాలి. రాంపూర్ దారిలో ఒక చిన్న యూనిట్ వాళ్లు తెచ్చిన కాగితంలో "అధునాతన ఉష్ణ ప్రక్రియ" అని ఉంది. దాని నుంచి నాకు ఏమీ అర్థం కాలేదు. షెడ్డుకు పోయి కెటిల్ నడిపే అన్నను అడిగాను. "మేడం, నురుగు పైకొచ్చే ముందు సప్పుడు మారుతది. గప్పుడే వేడి తగ్గియ్యాలె. నురుగు కండ్లవడ్డంక తగ్గిస్తె ఏం ఫాయిద లేదు, అంత పొంగి కిందవడ్తది" అన్నాడు. ఆ మార్పును అందరూ పట్టుకునేలా వాళ్లు కెటిల్ మీది గొట్టానికి ఒక నీళ్ల సీసా తగిలించారు. బుడగలు ఎంత జోరుగా వస్తున్నాయో చూసి వేడి ఆపుతున్నారు. అసలు కొత్తదనం ఆ సీసానే! దరఖాస్తు మొత్తం దాని చుట్టూ తిరిగేలా రాశాం.

ఆ బుడగల వెనకున్న కెమిస్ట్రీని నాలుగు వాక్యాల్లో తప్పకుండా చెప్పండి. పచ్చి నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, సుమారు 60 నుంచి 70 శాతం. 180 డిగ్రీల పైకి వేడెక్కించి ఉంచితే అది కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అవుతుంది. పొంగేది ఆ వాయువు వల్లే. అమ్ముడుపోయేది, రెజిన్‌లోకి పోయేది ఆ కార్డనాలే.

లెక్క ఇక్కడే జాగ్రత్తగా వేయాలి. అనకార్డిక్ ఆమ్లం అణుభారం సుమారు 348 అనుకుంటే, అందులోంచి 44 వాయువుగా పోతుంది, 304 మిగులుతుంది. అంటే 100 కిలోల ఆమ్లం నుంచి ఎంత బాగా చేసినా సుమారు 87 కిలోలకు మించి కార్డనాల్ రాదు. ఆమ్లం 65 శాతం ఉన్న 100 కిలోల నూనెలో 8 కిలోలకు పైగా గాలిలోకి పోవాల్సిందే. "మా పద్ధతిలో 98 శాతం దిగుబడి" అని రాసిన కాగితాన్ని తెలిసినవాళ్లు ఈ ఒక్క లెక్కతో పక్కన పెట్టేస్తారు. దేనిమీద దిగుబడి, రావాల్సిన దాంట్లో ఎంతొచ్చింది అన్నది విడిగా రాయండి.

ఇంకోచోట కూడా తడబడతారు. రెజిన్‌లో మామూలుగా వేసే ఫినాల్ బదులు కార్డనాల్ వాడామని, "20 శాతం తగ్గించాం" అని రాస్తారు. బరువులోనా, మోల్స్‌లోనా, అంటే అణువుల సంఖ్యలోనా? ఫినాల్ అణుభారం 94, కార్డనాల్‌ది 300 దగ్గర. 100 కిలోల ఫినాల్ బదులు 80 కిలోల ఫినాల్, 20 కిలోల కార్డనాల్ వేస్తే బరువులో 20 శాతమే గానీ, మిశ్రమం మోల్స్‌లో కార్డనాల్ వాటా 7 శాతమే. మొత్తం అణువులు తగ్గుతాయి కాబట్టి, వాటిని కలిపి రెజిన్‌గా మార్చే ఫార్మాల్డిహైడ్ అవసరం కూడా తగ్గుతుంది. ఆ తగ్గింపు మీకు అనుకూలమైన అంశం, దాన్ని విడిగా చూపించండి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసినవాళ్ల మీద చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

నూనె నాణ్యతకు ఐఎస్ 840 ప్రమాణం ఉంది. సాంద్రత, స్నిగ్ధత, అయోడిన్ విలువ, తేమ, బూడిద, అన్నీ బయటి ల్యాబ్‌లో చేయించండి. బ్రేక్ పొడి అయితే ఎస్‌ఏఈ జే661 ఘర్షణ పరీక్ష అడుగుతారు. "మొక్కల నుంచి వచ్చిన కార్బన్ ఇంత శాతం" అనాలంటే ఏఎస్‌టీఎం డీ6866 పరీక్ష చేయించాలి. ఖర్చు ఉంటుంది. చేయించలేకపోతే ఆ మాట రాయకండి.

ఇక ఏ అవార్డుకు పోవాలి? పెద్ద చదువు లేకుండా, ఏ సంస్థ సాయం లేకుండా సొంతంగా చేసినవాళ్లకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. మన రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 'ఇంటింటా ఇన్నోవేటర్' కింద ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో ప్రదర్శన పెట్టిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను అదే చెప్తాను. సరుకు ఇప్పటికే మార్కెట్లో అమ్ముతుంటే టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఇచ్చే జాతీయ సాంకేతిక అవార్డులు చూడండి. వాటిని మే 11కు, అంటే జాతీయ సాంకేతిక దినోత్సవానికి ముడిపెట్టి ఇస్తారు. అమెరికాలో 1996 నుంచి ఇస్తూ వచ్చిన గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు మనకు వర్తించదు. కానీ దాని మూడు కొలమానాలు ఎక్కడికైనా పనికొస్తాయి: సైన్సులో కొత్తదనం, మనిషి ఆరోగ్యానికీ పర్యావరణానికీ మేలు, నలుగురూ వాడగలగడం. మీ చిత్తుప్రతిని ఈ మూడు ప్రశ్నలతో మీరే ఒకసారి దిద్దుకోండి.

మనిషి ఆరోగ్యం దగ్గర మనవాళ్లు ఒక్క లైనుతో సరిపెడతారు. అది చాలా అన్యాయం. ఈ నూనె చర్మం మీద పడితే పొక్కులు లేస్తాయి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు రక్షణకు చేతులకు వేరే నూనె, బూడిద పూసుకుని కూర్చుంటారు, అయినా వేళ్ల చర్మం ఊడుతుంది. మీ పద్ధతి వల్ల ఒక్క మనిషి చెయ్యి ఆ నూనెకు దూరమైనా అదే మీ దరఖాస్తులో పెద్ద విషయం. ఎంతమంది, రోజుకు ఎన్ని గంటలు, ముందు ఏ పని చేతితో, ఇప్పుడు దేనితో అన్నది రాయండి. చీరల నేతకు నూలు చుట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం అనగానే జనానికి గుర్తొచ్చేది మోటారు కాదు, చీర ఆసు పోయడానికి వాళ్లమ్మ చెయ్యి వేలసార్లు ఇటూ అటూ తిరగాల్సి రావడం.

పేటెంట్ సంగతి దరఖాస్తు పంపకముందే తేల్చుకోండి. అవార్డు కాగితంలోనో ప్రదర్శనలోనో పద్ధతి బయటపెట్టాక పేటెంట్ వేస్తే కొత్తదనం పోయిందంటారు. కేంద్రం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, అన్ని ప్రదర్శనలకూ లేదు. ముందు ప్రొవిజనల్ అప్లికేషన్ (తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేసి నంబరు తీసుకోండి. పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలలు ఉంటాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు.

రుజువులుగా కెటిల్ పక్కన ఉండే లాగ్‌బుక్కునే జతచేయండి. నూనె మరకలున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా సరే. తేదీ, బ్యాచ్ నంబరు, ప్రతి పావుగంటకు టెంపరేచర్, నడిపిన మనిషి సంతకం ఉంటే చాలు. తెల్లకాగితం మీద కుదురుగా ఎత్తిరాసిన కాపీ కంటే ఆ పేజీ ఫొటోకే విలువ ఎక్కువ. కొన్నవాళ్ల దగ్గర ఉత్తరం తీసుకునేటప్పుడు పొగడ్తలు వద్దనండి. ఏ నెల నుంచి, ఎన్ని కిలోలు, దేనికి వాడుతున్నారో మూడు లైన్లు రాయిస్తే చాలు. ఉద్యం (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్, పొల్యూషన్ బోర్డు అనుమతి గడువు దాటలేదని చూసుకోండి.

బృందం పేర్ల దగ్గర కెటిల్ అన్న పేరు రాయమంటే కొందరు యజమానులు "ఆయన వర్కర్ కదా మేడం" అంటారు. నేను పేరు రాయకుండా ఫైలు ముట్టను. ఎవరైనా పరిశీలనకు వస్తే ఆ సీసా గురించి చెప్పాల్సింది ఆయనే. ఆయన తెలుగులోనే చెప్పనివ్వండి, పక్కన ఒకరు ఇంగ్లిష్‌లో వివరిస్తే సరిపోతుంది.

శాంపిల్ అడిగితే గోధుమరంగు గాజుసీసాలో మెడదాకా నింపి పంపండి. గాలి తగిలితే డిస్టిల్ చేసిన లేతపసుపు కార్డనాల్ కొన్నాళ్లకు ఎర్రబడి ముదురుతుంది, రంగు చూసి నాణ్యత తగ్గిందనుకుంటారు. బ్యాచ్ నంబరు, నింపిన తేదీ లేబుల్ మీద పెన్సిల్‌తో రాయండి, ఇంకు ఈ నూనెకు కరిగిపోతుంది. అదే బ్యాచ్ నుంచి రెండో సీసా సీలు వేసి మీ దగ్గరే ఉంచుకోండి, ఫలితాలు వచ్చేదాకా పారేయకండి.