రోహిణి ఎండలు రాకముందే వంటింట్లో జాగ్రత్తలు

శివరాత్రి దాటగానే మా ఇంట్లో మొదట జరిగే పని రాగులు కడగడం. మా అత్తమ్మవాళ్ల ఊరు పాకాల దగ్గర. అక్కడి నుంచి వచ్చిన రాగుల్లో రాళ్లు, మట్టిబెడ్డలు ఏరి, మూడు నీళ్లు పోసి కడిగి, మిద్దెమీద పాత చీర పరిచి ఆరబోస్తాం. బాగా ఎండాక మరకు పంపి పిండి పట్టించి, స్టీలు డబ్బాకు ఎత్తిపెట్టుకుంటే ఉగాదికల్లా ఇల్లు ఎండాకాలానికి సగం సిద్ధమైనట్టే. మిగతా సగం గురించే ఇది రాస్తున్నాను.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇక్కడి ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పగలంతా కాగిన కొండ, చీకటి పడ్డాక కూడా ఊరిమీదికి వేడి వదులుతున్నట్టే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఆ పది పదిహేను రోజులకే అందరూ భయపడతారు. నాకు మాత్రం మార్చి నెలాఖరు అంటేనే ఎక్కువ భయం. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ అలవాటు పడే రోజుల్లోనే మనం ఇంకా చలికాలంలో తాగినన్ని నీళ్లే తాగుతూ, మధ్యాహ్నం పన్నెండుకు బ్యాంకు పని, స్కూలు ఫీజు పని పెట్టుకుని తిరుగుతుంటాం. తలనొప్పి, కాళ్లు పీకడం, మూత్రంలో మంట అప్పుడే మొదలవుతాయి. అందుకని తిండి మార్చేది ఎండలు ముదిరాక కాదు, ముందే.

అంబలి సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య చాలామంది రాగిపిండిని నీళ్లలో పది నిమిషాలు కాచి అదే అంబలి అనుకుంటున్నారు. అది రాగిజావ. అదీ మంచిదే, కానీ అంబలి పులియాలి. రాత్రి పడుకునేముందు ఒక గ్లాసు రాగిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. తెల్లారేసరికి పైన తేట తేరుకుని, అంచుల్లో సన్నటి బుడగలు వచ్చి, పుల్లటి వాసన వస్తుంటుంది. గుప్పెడు బియ్యపు నూక మెత్తగా ఉడికించి, అందులోకి ఈ పిండి పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. మొదట బూడిదరంగులో నీళ్లనీళ్లగా ఉండేది నెమ్మదిగా ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, చిక్కబడి, ఉబ్బి ఉబ్బి పగులుతుంది. చెయ్యి తడిచేసుకుని పైన తాకి చూడండి. వేలికి అంటలేదంటే ఉడికినట్టు. పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), కరివేపాకు వేసి పలచగా కలుపుకుంటే దాహం, ఆకలి రెండూ తీరతాయి, చెమటలో పోయిన ఉప్పు కూడా కొంత తిరిగొస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, పాలు పడనివాళ్లకు ఇది పెద్ద ఆసరా. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చినప్పుడు అమ్మవారికి పోసేదీ అంబలే. ఊరు మండిపోయే నెలలో ఆ జాతర రావడం, అందులో అంబలి పోయడం చూస్తే మన పెద్దవాళ్లు ఎంత ఆలోచించారో అనిపిస్తుంది నాకు.

జాగ్రత్త ఏమిటంటే, ఈ ఎండల్లో అంబలి చాలా తొందరగా మారిపోతుంది. పొద్దున కాచింది ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఆరోజే అయిపోవాలి. మంచి పులుపు వేరు, ముక్కుకు కొట్టే పులుపు వేరు. అనుమానం వస్తే పారబోయండి, పిండి పోతే పోయింది. షుగర్ ఉన్నవాళ్లు రాగులే కదా అని చెంబులు చెంబులు తాగకూడదు. పలచటి జావ రక్తంలో చక్కెరను తొందరగా పెంచుతుంది. వాళ్లకు చిన్న ముద్ద సంగటి, పక్కన ఆకుకూర పప్పు, ఒక కూర పెట్టుకోవడం మేలు.

మజ్జిగ విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. గ్లాసు పెరుగుకు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి బాగా చిలికితేనే అది మజ్జిగ. అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు దంచి వేసి, చిటికెడు ఇంగువ, ఉప్పు వేసుకుంటే ఎంత తాగినా కడుపు బరువనిపించదు. ఆ పోసే నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు లేకుండా అల్లం, కరివేపాకుతోనే తాగండి, రోజు మొత్తానికి అన్నిట్లో కలిపి ఐదు గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక చిన్న చెంచా ఉప్పుతోనే ఆ లెక్క అయిపోతుంది, ఇంక ఊరగాయకు చోటెక్కడ? బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవాళ్లు ఎండలు మొదలవగానే ఒకసారి డాక్టరును కలిసి, నీళ్లు ఎంత తాగాలో, మోతాదు ఏమైనా మార్చాలో అడగండి. సొంతంగా మాత్ర ఆపేయవద్దు.

సబ్జాలు, నన్నారి, బార్లీ, పానకం — వీటన్నిటినీ మనం చలవ అంటాం. నా వరకు వీటి గొప్పతనం ఏమిటంటే, ఉట్టి నీళ్లు తాగమంటే తాగని మనిషి వీటి పేరుతో రెండు గ్లాసులు ఎక్కువ తాగుతాడు. సబ్జా గింజలు ఒక చెంచా తీసుకుని పావుగంటైనా నానబెట్టాలి. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగితే గొంతులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది, పిల్లల దగ్గర మరీ జాగ్రత్త. నన్నారి వేళ్లు తెచ్చుకుని ఇంట్లో కాచుకోగలిగితే మంచిది. సీసాలో దొరికేదాంట్లో ఎక్కువ భాగం చక్కెరే. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు సరిగ్గా ఎండ మొదలయ్యే రోజులకు సరిపోతాయి, కానీ షుగర్ ఉన్నవాళ్లకు బెల్లమూ చక్కెరతో సమానమే. దేవుడి ప్రసాదంగా ఒక ఉద్ధరిణి తీసుకుని, వడపప్పు కాస్త ఎక్కువ తినండి. కొబ్బరినీళ్లు అందరికీ మంచివే అనుకుంటాం కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం ప్రమాదం, డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు.

ఎర్రగడ్డ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. దాన్ని అంబలిలో వేసుకోండి, తలకు తువ్వాలు చుట్టుకోండి.

ఎండాకాలంలో మనల్ని మంచాన పడేసేది సగం ఎండ అయితే, సగం కలుషితమైన నీళ్లు, ఐసు, పాచిపోయిన తిండి. గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు. బండిమీద జ్యూస్ తాగాలనిపిస్తే ఐసు వద్దని చెప్పండి. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు, కాయ కొని ఇంటికి తెచ్చి పైన కడిగి కోసుకోండి. మధ్యాహ్నం వండిన పప్పు, చట్నీ రాత్రికి అలాగే బయట పెట్టకండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి. ముఖ్యంగా కొబ్బరి చట్నీ. ట్యాంకరు నీళ్లు పోయించుకునే వీధుల్లో తాగేనీళ్లు తెర్లకాచి చల్లార్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

మామిడి మన జిల్లా పంట, తినకుండా ఉండమని నేను చెప్పలేను. దామలచెరువు మండీ కళకళలాడుతుంటే బేనిషా (బంగినపల్లి) కాయ తినకుండా ఎవరుంటారు? కాయల్ని అరగంటైనా నీళ్లలో వేసి, తొడిమ దగ్గర సొన పోయేలా రుద్ది కడగండి. మామిడి తింటే వేడి చేసి మూతిచుట్టూ పొక్కులు వచ్చాయని అంటుంటారు కదా, చాలాసార్లు అది ఆ సొన చేసే పనే. కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. అయినా సీజన్ రాకముందే పైన పసుపుపచ్చగా మెరుస్తూ లోపల పుల్లగా, గట్టిగా ఉండే కాయలు కనబడితే వదిలేయండి, మేలో మంచివి వస్తాయి.

ఇక బేదులు. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు ఒక ఏప్రిల్‌లో పొద్దుట్నుంచి ఆరేడుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. నేను టెన్షన్‌లో ఉప్పు, చక్కెర చేతికొచ్చినంత వేసి కలిపి పట్టాను. వాడు రెండు గుక్కలు తాగి వాంతి చేసుకున్నాడు. తర్వాత నేను రుచి చూస్తే సముద్రం నీళ్లలా ఉంది. ఉప్పు ఎక్కువైతే మేలు జరక్కపోగా పిల్లలకు ప్రమాదమని డాక్టరమ్మ కోప్పడితే తెలిసింది. ఆ కొలత అప్పట్నుంచి వంటింటి తలుపుమీద రాసి అంటించాను: కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, చక్కెర ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా. చెంచాలు తలగొట్టి కొలవాలి. దీనికన్నా మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి మేలు, మార్చిలోనే నాలుగు ప్యాకెట్లు తెచ్చి పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు, ప్యాకెట్‌మీద చదివి కలపండి. గ్లాసులో సగం ప్యాకెట్ వేయడం లాంటివి చేయొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకుని పిల్లలకు తాగించినవాళ్లు ఎంతమందో. అందులో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్‌మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

ఓఆర్ఎస్‌తోపాటు తిండి ఆపకూడదు. ఉప్పేసిన గంజి, మెత్తటి మజ్జిగన్నం, పెసరపప్పు కట్టు, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టండి. పెద్దవాళ్లకు కడుపు ఉబ్బరంగా ఉంటే వాము నీళ్లు, జీలకర్ర నీళ్లు కాస్త హాయినిస్తాయి, అంతవరకే. విరేచనంలో రక్తం కనబడినా, ఏం తాగినా వాంతి అవుతున్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయి బిడ్డ మగతగా పడుకున్నా వాము నీళ్లతో టైం వృథా చేయకండి, ఆస్పత్రికి పోవాలి. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు ఎంత ఎండలైనా తల్లిపాలే చాలు, విడిగా నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లికి పట్టండి అంబలి, మజ్జిగ. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయడం కూడా మానుకోవాలి, అందులో ఉండగల ఒక రకం క్రిమి ఆ వయసులో ప్రాణంమీదికి తెస్తుంది.

సెలవులకు చుట్టాలు వస్తే కొండకు నడిచి పోదామంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టి పొద్దెక్కేలోపు పైకి చేరుకోవాలి. ఉపవాసంతో ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లు కనీసం నీళ్లు, మజ్జిగ మానకండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో అసలే ఎక్కకూడదు, జేబులో కాస్త పటిక బెల్లం ఉండాలి.

చివరగా మా మామ సంగతి. రెండేళ్ల కిందట మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మామిడి తోట నుంచి వచ్చి అరుగుమీద కూర్చున్నారు. చొక్కా చెమటకు తడవాల్సింది, పొడిగా ఉంది. అత్తమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ఇస్తే, "ఎవురు మే నువ్వు?" అన్నారు. ఆకలికి కోపమొచ్చిందేమో అనుకుని ఆమె ఇంకా నచ్చజెబుతూ చెంబు నోటి దగ్గర పెట్టబోయింది. పక్కింట్లో నర్సు పనిచేసే అమ్మాయి చూసి చెంబు లాగేసింది. "మాట తడబడేవాళ్ల నోట్లో ఏమీ పోయొద్దత్తా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని చెప్పి, చొక్కా విప్పించి, బిందెలతో నీళ్లు పోయిస్తూ, తడిగుడ్డలు మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టించి, విసనకర్రతో విసరమని మాకు చెప్పి 108కి ఫోన్ చేసింది. ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతూ, మనిషి తెలివి తప్పుతుంటే అది వడదెబ్బ. అప్పుడు ఏ తిండీ పనికిరాదు, జ్వరం మాత్ర కూడా పనిచేయదు, ముందు ఒళ్లు చల్లబరచాలి.

మూడు రోజులకు ఆయన ఇంటికొచ్చారు. ఇప్పుడు పొద్దున ఆరుకే తోటకు పోయి పదికల్లా వచ్చేస్తారు. పోయేటప్పుడు అత్తమ్మ అంబలి క్యారియర్ చేతికిస్తుంది, వచ్చాక మూత తీసి చూస్తుంది, తాగారా లేదా అని.