సగం సీజన్ అయింది, టీమ్ ఓడుతోంది: కోచ్‌ని తిట్టే ముందు ఏం చూడాలి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో టీమ్‌కు 82 మ్యాచ్‌లు. 41 అయ్యేసరికి, గెలుపుల కన్నా ఓటములు ఎక్కువుంటే, అభిమానులు రెండు వర్గాలవుతారు. కోచ్‌ని తీసేయమనేవాళ్లు ఒకటి, స్టార్‌ని ట్రేడ్ చేయమనేవాళ్లు (వేరే టీమ్‌కిచ్చి బదులు ఆటగాళ్లను తెచ్చుకోమనేవాళ్లు) ఇంకొకటి. నేను రెండిట్లోనూ ఉన్నాను, ఒక్కోసారి ఒకే రాత్రి. మా టీమ్ పేరు చెప్పను, చెబితే మాట అటే పోతుంది. అక్టోబరులో టైటిల్ మనదే అనుకున్నాం, జనవరికి ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చివరి చోట్ల కోసం ఆడే మ్యాచ్‌లు) దక్కితే చాలనుకుంటున్నాం. అంతవరకు తెలిస్తే చాలు.

బయటికి ఓటములన్నీ ఒకేలా కనిపిస్తాయి. కారణాలు మాత్రం ఒకటి కాదు. కారణం పట్టుకోకుండా మందు వేస్తే ఎలకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టే. అందుకని నేను ఒక వరుస పెట్టుకున్నాను. ముందు సులువుగా తేలేవి, తర్వాత తలనొప్పివి.

పాయింట్ల పట్టిక బాగోలేదు. టీమ్ నిజంగా బాగోలేదా?

గెలుపు-ఓటముల లెక్క పక్కన పెట్టి, మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లు వేశాం, ఎన్ని ఇచ్చాం, తేడా ఎంత అన్నది చూడండి. సీజన్ మొత్తానికి సున్నా తేడా ఉన్న టీమ్ దాదాపు 41 మ్యాచ్‌లు గెలుస్తుంది. ఆ తేడా ఒక్కో పాయింటు పెరిగితే రెండున్నర గెలుపుల చొప్పున పెరుగుతాయి. మోటు లెక్కే, కానీ మన ఆవేశం కన్నా నమ్మకమైనది. తేడా ప్లస్ రెండు ఉండి గెలుపులు సగానికి తక్కువ ఉన్నాయంటే, దగ్గరి మ్యాచ్‌లు చేజారాయన్నమాట. కొంత దురదృష్టం, కొంత స్వయంకృతం. తేడా మైనస్ నాలుగో ఐదో ఉంటే దురదృష్టం కథలు మానేసి కిందికి చదవండి.

దీంతోపాటే ఇంటి మ్యాచ్‌లెన్ని, బయటివెన్ని, వరుస రాత్రుల్లో ఆడినవెన్ని, గాయాల వల్ల మొదటి ఐదుగురు కలిసి ఆడినవెన్ని అన్నదీ చూడండి. ఐదుగురూ పది మ్యాచ్‌లు కూడా కలిసి ఆడని టీమ్ మీద తీర్పు చెప్పడం తొందరపాటు. ఇక్కడే సమాధానం దొరికితే మిగతాది చదవకుండా నిద్రపోవచ్చు.

నాలుగో క్వార్టర్‌లో లీడ్ కరిగిపోతోంది

ఇది అందరికన్నా ఎక్కువగా కోపం తెప్పించే జబ్బు, ఎక్కువగా అపార్థం చేసుకునేది కూడా. "మనవాళ్లకు గుండె లేదు" అనేస్తాం. గుండె సంగతి తర్వాత. ముందు చివరి ఐదు నిమిషాల వీడియో చూస్తూ బంతి ఎన్ని చేతులు మారుతోందో లెక్కపెట్టండి.

మామూలుగా కనిపించేది ఇది. మూడు క్వార్టర్లు పాస్‌లు, కట్‌లు (రింగ్ వైపు పరుగులు), స్క్రీన్‌లు (సహచరుడి కోసం ప్రత్యర్థికి అడ్డంగా నిలబడడం) అన్నీ ఉంటాయి. చివర్లో టెన్షన్ పెరిగేసరికి స్టార్ బంతి పట్టుకుని నిలబడతాడు, నలుగురు చూస్తుంటారు. షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్లలో 15 అలా పోతాయి. ఆపైన ఎవరో మీదకొస్తుండగా కష్టమైన షాట్. అది పడకపోతే మన డిఫెన్స్ సర్దుకునేలోపే ప్రత్యర్థి పరుగు. అంటే ఆఖర్లో డిఫెన్స్ పాడైందని మనం అనుకునేది సగం అఫెన్స్ చేసిన పాపమే.

2021-22 బోస్టన్ సెల్టిక్స్ దీనికి పాఠ్యపుస్తకం. సీజన్ మొదట్లోనే చికాగో బుల్స్‌తో మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌ను 39-11తో పోగొట్టుకున్నారు. స్టార్లు టేటమ్, బ్రౌన్ బంతి పాస్ చేయాల్సిన అవసరం ఉందని సహచరుడు మార్కస్ స్మార్ట్ మీడియా ముందే అనేశాడు. 2022 జనవరి 6న న్యూయార్క్‌లో 25 పాయింట్ల లీడ్ పోగొట్టుకుని, చివరి క్షణంలో నిక్స్ ఆటగాడు ఆర్‌జే బారెట్ వేసిన త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) బోర్డుకు తగిలి లోపల పడడంతో ఓడిపోయారు. అప్పటికి 18 గెలుపులు, 21 ఓటములు. టేటమ్‌ని, బ్రౌన్‌ని విడదీయాల్సిందేనన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది.

విడదీయలేదు. కోచ్ ఇమె ఉడోకా ఎవరు ఎవర్నైనా కాచుకునేలా డిఫెన్స్ స్విచింగ్ మీద నిలబెట్టాడు. రాబర్ట్ విలియమ్స్‌ను ప్రత్యర్థి సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) దగ్గర కట్టేయకుండా, షూటింగ్ రాని ఆటగాడి మీద పెట్టి, రింగ్ దగ్గర తిరిగే స్వేచ్ఛ ఇచ్చాడు. ఫిబ్రవరిలో ట్రేడ్ గడువు రోజున శాన్ ఆంటోనియో నుంచి డెరిక్ వైట్‌ను తెచ్చుకున్నారు. వైట్ స్టార్ కాదు. బంతి దగ్గర పెట్టుకోకుండా వెంటనే నిర్ణయం తీసుకుంటాడు, అంతే. కావలసింది సరిగ్గా అదే. మిగిలిన 43 మ్యాచ్‌ల్లో 33 గెలిచి 51-31తో ముగించి, ఫైనల్స్ దాకా వెళ్లారు. 2024లో టైటిల్ గెలిచినప్పుడు టేటమ్, బ్రౌన్, వైట్ ముగ్గురూ అక్కడే ఉన్నారు.

కాబట్టి ఈ లక్షణానికి మందు: చివరి నిమిషాల్లో స్టార్ బంతి తీసుకునే చోటు మార్చడం, అతని కోసం రెండో స్క్రీన్ పెట్టడం, అతని పక్కన త్వరగా పాస్ చేసే రెండో మనిషిని ఉంచడం. అమ్మేయడం జాబితాలో చివరిది. ఇంకో మాట. క్లచ్ అంటే లీగ్ లెక్కలో ఆఖరి ఐదు నిమిషాలు, తేడా ఐదు పాయింట్లలోపు. సగం సీజన్‌లో అలాంటి నిమిషాలు మొత్తం కలిపినా చాలా తక్కువ. ఆ కాస్తలో షూటింగ్ శాతం చూసి మనిషి స్వభావం తేల్చేయకండి.

ప్రత్యర్థులు వేసిన ప్రతి త్రీ పడుతోంది

ఇందులో రెండు వేరు వేరు రోగాలున్నాయి. ప్రత్యర్థి త్రీల శాతం ఎక్కువుండడం ఒకటి, త్రీల సంఖ్య ఎక్కువుండడం ఇంకొకటి. శాతం చాలావరకు మన చేతిలో ఉండదు. చేయి వదిలిన బంతి పడడం, పడకపోవడం షూటర్ అదృష్టం. ఇది సాధారణంగా రెండో సగంలో దానంతటదే మామూలు స్థాయికి వస్తుంది. ప్రత్యర్థి ఫ్రీ త్రో (ఫౌల్ అయితే ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్) శాతాన్ని మన డిఫెన్స్ ఎంత ఆపగలదో ఆలోచిస్తే సంగతి అర్థమవుతుంది.

సంఖ్య మాత్రం మనదే, ముఖ్యంగా కార్నర్ త్రీలు. త్రీ గీత వంపు (ఆర్క్) పైన రింగ్‌కు దూరం 23 అడుగుల 9 అంగుళాలైతే, మూలల్లో 22 అడుగులే. దగ్గర కాబట్టి అందరికీ ఇష్టం. మూలలో మనిషి ఖాళీగా దొరుకుతున్నాడంటే తప్పు మూలలో జరగలేదు, బంతి ఉన్నచోట జరిగింది. మన గార్డ్‌ని, అంటే బయట బంతి ఆడించే ఆటగాణ్ణి, ప్రత్యర్థి మొదటి అడుగులోనే దాటేశాడు. ఆదుకోవడానికి మూలలో ఉన్న మనవాడు లోపలికొచ్చాడు, పాస్ అక్కడికే వెళ్లింది. మనం టీవీ ముందు కూర్చుని పరుగెత్తుకొచ్చి ఆలస్యమైనవాణ్ణి తిడతాం. వాడు పాపం ఇంకొకడి తప్పు కప్పిపుచ్చడానికి వెళ్లినవాడు.

బంతి మీద కాచుకునేవాణ్ణి మార్చడం, లేదా బంతి ఉన్న వైపు మూల నుంచి సాయం వెళ్లొద్దని గట్టిగా నియమం పెట్టడం దీనికి పని చేస్తాయి. రెండోది చేస్తే లేఅప్‌లు (రింగ్ కిందకొచ్చి వేసే సులువు షాట్‌లు) కొన్ని ఎక్కువ ఇస్తాం. ఊరికే ఏదీ రాదు.

స్టార్ బెంచ్ మీదికి వెళ్లగానే స్కోరు తారుమారవుతోంది

ఇది కనిపెట్టడం సులువు. మొదటి క్వార్టర్ చివర, రెండో క్వార్టర్ మొదట్లో స్కోరు ఎలా మారుతోందో ఓ పది మ్యాచ్‌లు చూడండి. ఆ ఆరేడు నిమిషాల్లో ఎనిమిది పది పాయింట్లు పోతుంటే, స్టార్ 36 నిమిషాలు ఎంత బాగా ఆడినా ఆ గొయ్యి పూడ్చడానికే సరిపోతుంది. జనమేమో "స్టార్ ఆఖర్లో అలిసిపోతున్నాడు" అంటారు. అలిసిపోడా మరి?

ఇద్దరు ముఖ్యులు ఒకేసారి కూర్చోకుండా చూడడమే మొదటి చికిత్స. దీనికి రూపాయి ఖర్చు లేదు, ట్రేడ్ అక్కర్లేదు. ఇంత చిన్న మార్పుకి చాలామంది కోచ్‌లు జనవరి దాకా ఎందుకు ఆగుతారో నాకిప్పటికీ అర్థం కాదు. రెండో చికిత్స, బెంచ్‌లో ఐదో షూటర్‌కి బదులు బంతిని ముందుకు తీసుకెళ్లగల పాత గార్డ్‌ని వెతుక్కోవడం.

పేర్లు పెద్దవి, ఆట ఇరుకు

స్టార్ లోపలికి దూకిన ప్రతిసారీ ముగ్గురు ఎదురొస్తున్నారా? అయితే ఆ ముగ్గురు ఎవర్ని వదిలేసి వచ్చారో చూడండి. బయటినుంచి షూట్ చేయనివాణ్ణి కాచుకునేవాడు లోపలే తిష్ట వేస్తాడు. పక్కన మనిషి లేకుండా రింగ్ ముందున్న పెయింట్ అనే గడిలో మూడు సెకన్లు దాటి ఉండకూడదన్న నియమం ఉన్నా, ఒక కాలు బయట పెట్టి మళ్లీ వచ్చేయడం అందరికీ తెలిసిన విద్యే.

2022-23 లేకర్స్ సీజన్‌ను 2 గెలుపులు, 10 ఓటములతో మొదలుపెట్టారు. 47 మిలియన్ డాలర్ల జీతమున్న వెస్ట్‌బ్రూక్ మీద నిందంతా పడింది. నిజానికి అతను ఒళ్లు దాచుకున్నవాడు కాదు. బంతి చేతిలో ఉంటేనే పనికొచ్చే ఆట అతనిది, అక్కడ లెబ్రాన్ జేమ్స్ ఉన్నాడు. జనవరిలో హచిమురా వచ్చాడు. ఫిబ్రవరిలో వెస్ట్‌బ్రూక్‌ను పంపి రస్సెల్, బీస్లీ, వాండర్‌బిల్ట్‌లను తెచ్చుకున్నారు. 43-39తో ముగించి, ప్లే-ఇన్ దాటి, వెస్ట్ ఫైనల్ (లీగ్‌లో పశ్చిమ సగం ఫైనల్) దాకా వెళ్లి డెన్వర్ చేతిలో 4-0తో ఓడారు. పొందిక కుదిరింది, ఛాంపియన్లు మాత్రం కాలేదు.

చిన్నవనిపించి చిన్నవి కానివి

డీన్ ఆలివర్ అనే విశ్లేషకుడు గెలుపును నాలుగు ముక్కలు చేశాడు. షూటింగ్‌కు 40 శాతం, టర్నోవర్లకు (బంతి పోగొట్టుకోవడం) 25, రీబౌండ్లకు (పడని షాట్ బంతిని అందుకోవడం) 20, ఫ్రీ త్రోలకు 15. రీబౌండ్లు పోతుంటే సెంటర్ మీద పడకండి, గార్డ్‌లు ముందే పరుగు మొదలెడుతున్నారేమో చూడండి. టర్నోవర్లలో బంతి బయటికి పోయినవి పర్లేదు, చేతిలోంచి లాక్కుపోయినవి నేరుగా రెండు పాయింట్లు. ఫ్రీ త్రోలు పడకపోతే ప్రాక్టీస్ చేయడమే, ఇంకేం చెప్తాం.

ఆటగాళ్లు కోచ్ మాట వినడం లేదనిపిస్తోంది

బయటినుంచి దీన్ని తేల్చడం దాదాపు అసాధ్యం. టైమ్‌అవుట్‌లో ముఖాలు చూసి కథలల్లుతాం. 2016 జనవరిలో క్లీవ్‌లాండ్ డేవిడ్ బ్లాట్‌ను తీసేసినప్పుడు వాళ్ల రికార్డు 30-11. సరిగ్గా 41 మ్యాచ్‌లు, ఈస్ట్‌లో అగ్రస్థానం. పట్టికలో ఏ తప్పూ లేదు, లోపల ఉంది. టైరన్ లూ వచ్చాక జూన్‌లో టైటిల్ గెలిచారు. అలాగని ప్రతి కోచ్ మార్పూ అలా కాదు. నాకు తెలిసిన ఒకే పరీక్ష: టైమ్‌అవుట్ అయిన వెంటనే వేసే ఎత్తు. అది కూడా పదిసార్లకు ఏడుసార్లు చెల్లాచెదురవుతుంటే కోచ్ మీద అనుమానపడొచ్చు.

"అందర్నీ మార్చేయండి" అనిపిస్తోంది

2018 ఫిబ్రవరి 8న క్లీవ్‌లాండ్ అదే చేసింది. ఒక్కరోజులో ఆరుగురిని పంపి నలుగురిని తెచ్చింది. ఫైనల్స్ దాకా లెబ్రాన్ లాక్కెళ్లాడు, అక్కడ గోల్డెన్ స్టేట్ 4-0తో ఇంటికి పంపింది. డిఫెన్స్ ఆ ఏడాది లీగ్‌లో 29వ స్థానంలోనే ఉండిపోయింది. మనుషులు మారారు, రోగం మారలేదు.

పైగా ఇప్పుడు కోరుకున్నా అంత సులువు కాదు. జీతాల మొత్తం సెకండ్ ఏప్రన్ అనే గీత దాటిన టీమ్ ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడికి బదులివ్వలేదు, పంపిన జీతం కన్నా ఎక్కువ తీసుకోలేదు. మనం కాగితం మీద రాసుకునే ట్రేడ్‌లలో సగం ఇక్కడే చస్తాయి.

ఏ మందూ పని చేయడం లేదు, టీమే బలహీనం

అప్పుడు ఓడిపోవడమే మేలు, డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి పిక్ వస్తుందంటారు. కానీ ఆ పిక్ లాటరీతో తేలుతుంది, 2019లో వచ్చిన లెక్క ప్రకారం అట్టడుగు మూడు టీమ్‌లకూ మొదటి పిక్ అవకాశం 14 శాతమే. 2023-24లో డెట్రాయిట్ వరుసగా 28 మ్యాచ్‌లు ఓడింది. ఒకే సీజన్‌లో అంత పొడవైన వరుస ఎన్‌బీఏలో అంతకుముందు లేదు. 14-68తో ముగించినా దక్కింది ఐదో పిక్. మరుసటి ఏడాదే డాలస్ 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ కొట్టేసింది. డెట్రాయిట్‌ను లేపింది లాటరీ కాదు. కేడ్ కన్నింగమ్ చుట్టూ టోబియాస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ లాంటి షూట్ చేయగల సీనియర్లను పెట్టి, కోచ్‌గా బికర్‌స్టాఫ్‌ను తెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా 44-38, ప్లేఆఫ్స్.

ఈ వరుసంతా మా టీమ్ మీద వేసి చూశాను. పాయింట్ల తేడా సున్నాకి కాస్త పైనే ఉంది, నేను తిట్టినంత ఘోరంగా లేదు. క్లచ్‌లో బంతి ఒక్క చేతిలోనే ఉంటోంది. అంతకన్నా పెద్ద గొయ్యి రెండో క్వార్టర్ మొదట్లో, ఇద్దరు ముఖ్యులూ ఒకేసారి కూర్చునే ఆ నాలుగు నిమిషాలు. వచ్చే మ్యాచ్‌లో నేను చూసేది స్కోరు కాదు, ఆ నాలుగు నిమిషాల్లో కోర్టు మీద ఎవరున్నారన్నది. మళ్లీ అదే ఐదుగురు కనిపిస్తే, కోచ్‌ని తీసేయమనే వర్గంలోకి నేనూ వెళ్లిపోతాను.